వార్డు వాతావరణ ప్రణాళికకు కాలనీవాసులు రెండోసారి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మల్కాజిగిరి వైపు ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. మా డివిజన్‌కు వాతావరణ కార్యాచరణ ప్రణాళిక తయారవుతోందని, స్థానికుల నుంచి వలంటీర్లను కూడగట్టమని నాకు బాధ్యత అప్పగించారు. తొలి సమావేశానికి 60 మంది వచ్చారు. నిపుణులు గంటన్నర సేపు తెరమీద బొమ్మలు చూపించి వివరించారు. చివర సంతకాలు తీసుకుని ఫొటో దిగాం. రెండో సమావేశానికి 18 మంది, మూడోదానికి అయిదుగురు వచ్చారు. ఆ అయిదుగురిలో ముగ్గురం సంఘం బాధ్యులమే. నాలాకు అవతలి బస్తీ నుంచి ఎప్పుడూ ఒక్కరూ రాలేదు. ‘వాతావరణ మార్పు పెద్ద దేశాల వ్యవహారం, మనమేం చేస్తాం’ అంటున్నారు. మా వాళ్ళలో చైతన్యం లేదనుకోవాలా? మళ్ళీ ఎలా మొదలుపెట్టమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించినవి మీరు రాసిన ఆ మూడు అంకెలు. చైతన్యం లేనివారైతే మొదటి రోజే వచ్చేవారు కారు. ఇల్లు వదిలి 60 మంది కమ్యూనిటీ హాలుకు వచ్చారంటే, ఎండల గురించో వరద గురించో వారి మనసులో చెప్పుకోవలసినది ఏదో ఉందన్నమాట. గంటన్నర కూర్చున్నా దాన్ని చెప్పే సందు వారికి దొరకలేదు. మీరు వారిని వినడానికి పిలిచారు, అడగడానికి పిలవలేదు. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు. మన దగ్గర ప్రజాభాగస్వామ్యం పేరుతో జరిగే సమావేశాల్లో ఎక్కువభాగం ఇలాగే సాగుతాయి. ముందుగా నిర్ణయమైన విషయాన్ని జనానికి వివరించి, వారు అంగీకరించినట్టు సంతకాలు తీసుకోవడంతో అవి ముగుస్తాయి. తన మాట ఎక్కడా నమోదు కాని చోటికి ఎవరైనా ఒకసారి మర్యాదకు వస్తారు, రెండోసారి మొహమాటానికి వస్తారు, మూడోసారి రారు.

‘పెద్ద దేశాల వ్యవహారం’ అన్నవారితో వాదించకండి. వారి మాటలో సగం నిజముంది. గాలిలో ఇంత బొగ్గుపులుసు వాయువు పేరుకోవడానికి కారణం రేకుల ఇంట్లో ఒక్క ఫ్యాను, ఒక్క లైటుతో గడిపే మనిషి కాడు. అయితే నగరానికి వాతావరణ ప్రణాళిక అంటే పొగను, కరెంటు వాడకాన్ని తగ్గించడం ఒక్కటే కాదు. ఇప్పటికే మీదపడుతున్న ఎండను, కుండపోత వానను తట్టుకునేలా ఊరిని సిద్ధం చేయడం అందులో రెండో భాగం. మన దగ్గర జనాన్ని కదిలించేది ఈ రెండో భాగమే. హైదరాబాదుకు ఇది కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఇక్కడికి పిలిపించారు. ఆ వరద నుంచే 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ వచ్చాయి, అంతకుముందే 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఆనాడు ప్రమాదం నది రూపంలో ఒకేచోట కనిపించేది కాబట్టి ఎగువన రెండు ఆనకట్టలు కట్టి దాన్ని అదుపులో పెట్టగలిగారు. ఇవాళ ప్రమాదం వందల గల్లీలకు చీలిపోయింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరంలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడినప్పుడు ఏ వీధిలో నీళ్ళు ఎటునుంచి ముందు వచ్చాయో, ఏ ఇంటి గోడమీద ఆ మరక ఇంకా మిగిలి ఉందో ఏ ఇంజనీరుకూ పూర్తిగా తెలియదు. మీ కాలనీలో పాలు పోసే మనిషికి తెలుసు, ఇస్త్రీ బండి నడిపే మనిషికి తెలుసు. వలంటీరు అంటే మొక్క నాటే మనిషి, ర్యాలీలో నడిచే మనిషి అన్న భావన నుంచి ముందు మీరు బయటపడి, తనకు తెలిసినది ప్రణాళికకు ఇచ్చే మనిషిగా చూడగలిగితే తక్కిన పనులు వాటంతటవే కుదురుకుంటాయి.

నేను దీన్ని ఒక పుస్తకం చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ళ కిందట మూసీకి దగ్గరలోని ఒక బస్తీలో వరదనీటి పారుదల గురించి మాట్లాడటానికి పెద్ద పటం ఒకటి అచ్చువేయించుకుని వెళ్ళాం. గోడకు తగిలించాం. దాదాపు గంటసేపు ఎవరూ దాని దగ్గరకు రాలేదు. అప్పుడు మా వెంట ఉన్న అంగన్‌వాడీ టీచరు లోపలికి వెళ్ళి ముగ్గుడబ్బా తెచ్చి, అక్కడే కూర్చున్న ఒక పూలమ్మే ఆవిడ చేతికిచ్చి ‘అక్కా, నాలా ఎట్ల పోతదో గీయి’ అన్నది. ఆవిడ కొంగు దోపుకుని గచ్చుమీద నాలాను, మసీదు గల్లీని, పోచమ్మ గుడిని, బోరింగును అయిదు నిమిషాల్లో గీసింది. నీళ్ళు ముందు ఎవరి ఇంట్లోకి వస్తాయో అక్కడ చింతగింజలు పెట్టమంటే పక్కవాళ్ళంతా వంగి, కాదని వాదించుకుంటూ, గింజలు అటూ ఇటూ జరుపుతూ ఒకచోట కుప్పపోశారు. మా అచ్చుపటంలో ఆచోట నాలా తిన్నగా ఉంది. వెళ్ళి చూస్తే ఎదురెదురుగా లేచిన రెండు ప్రహరీల మధ్య అది మనిషి అడ్డంగా చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకైపోయింది. ఆ రోజు గోడమీది పటాన్ని మేం మడిచి సంచిలో పెట్టుకుని, ముగ్గుతో గీసినదాన్నే కాగితం మీదికి ఎక్కించుకున్నాం.

మీ రెండో ప్రయత్నం ఇలా నేలమీద మొదలవ్వాలి. తెర, మైకు, వేదిక ఏవీ వద్దు. మూడు నాలుగు గల్లీలకు ఒక చోటు చొప్పున, అరుగు మీదో చెట్టు కిందో, పదిహేనుమందికి మించకుండా కూర్చోండి. అడగవలసిన ప్రశ్నలు చాలా చిన్నవి. నీళ్ళు ఎక్కడ ఆగుతాయి, ఎన్ని గంటలు ఆగుతాయి, ఎండాకాలం రాత్రి ఏ ఇంట్లో నిద్రపట్టదు, ట్యాంకర్ ఎవరింటికి ఎన్నిసార్లు వస్తుంది, ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడ ఉన్న కుంట ఎటు పోయింది అన్నవి చాలు. ‘వాతావరణ మార్పు’ అన్న మాట ఆ రోజు మీ నోటివెంట రాకపోయినా నష్టం లేదు.

ఇక సమయం సంగతి. మీ మూడు సమావేశాలూ ఏ రోజున, ఏ వేళకు పెట్టారో మీరు రాయలేదు గాని, ఒక్కసారి జలమండలి మీ ప్రాంతానికి నీళ్ళు వదిలే రోజులతో సరిచూసుకోండి. రోజు విడిచి రోజు నల్లా వచ్చే ఊళ్ళో, నల్లా వచ్చే వేళకు ఏ ఇల్లాలూ బిందెలు వదిలి సమావేశానికి రాదు. ఇళ్ళల్లో పనిచేసేవారికి ఉదయం పది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి తీరిక ఉండదు. కూలి అడ్డాకు వెళ్ళే మనిషికి ఆదివారం కూడా పని దొరకవచ్చు. పూర్తి పూట అడిగితే ఆ పూట కూలి ఆ మనిషికి పోతుంది. అందుచేత పేదవారి నుంచి ఎక్కువ సమయం తీసుకునే పని ఏదైనా ఉంటే, సంఘం నిధి నుంచి ఆ పూట కూలి చెల్లించడానికి వెనకాడకండి. డబ్బు పుచ్చుకుంటే అది స్వచ్ఛంద సేవ ఎలా అవుతుందని మీ సంఘంలో ఒకరిద్దరు అడగవచ్చు. పింఛను వచ్చే మనం ఊరికే ఇచ్చే సమయానికీ, రోజుకూలీ మనిషి ఊరికే ఇచ్చే సమయానికీ ఖరీదు ఒకటి కాదని వారికి నెమ్మదిగా చెప్పండి.

బస్తీ నుంచి ఒక్కరూ రాలేదన్న విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. కాలనీవారు రాకపోవడానికి విసుగు కారణమైతే, బస్తీవారు రాకపోవడానికి భయం కారణమై ఉండవచ్చునని నా అనుమానం. నాలా పక్కన పుస్తకం, టేపు పట్టుకుని ఎవరైనా నిలబడితే ఇవాళ హైదరాబాదులో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కూల్చివేత. ముఖ్యంగా 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడినప్పటి నుంచి చెరువు పూర్తిస్థాయి నీటిమట్టం, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ అన్న మాటలు చదువురాని వారికి కూడా కంఠతా వచ్చేశాయి. చెరువులు, నాలాలు కాపాడుకోవలసినవే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ, తన ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయని తానే చెప్పి, ఆ మాటే తన ఇంటికి ఎసరు పెడుతుందేమోనని భయపడే మనిషి నోరు ఎలా విప్పుతుంది? కాబట్టి మీరు అక్కడికి వెళ్ళేటప్పుడు పేర్లు, డోరు నంబర్లు రాసుకోకండి, ఇళ్ళ ఫొటోలు తీయకండి. సమాచారం రాసిన పుస్తకం బస్తీలోనే, వారు నమ్మిన మనిషి దగ్గరే ఉంచండి. మీకు కావలసిన అంశాల నకలు మాత్రమే, అదీ వారికి చదివి వినిపించాక తెచ్చుకోండి. ‘మీ ఇళ్ళకేమీ కాదు’ అని మాత్రం ఎప్పుడూ హామీ ఇవ్వకండి, ఆ హామీ నిలబెట్టే అధికారం మీకు లేదు. ఈ పుస్తకం ఎందుకు, ఎవరికి చేరుతుంది, ఎవరికి చేరదు అన్నంతవరకు ఉన్నదున్నట్టు చెబితే చాలు. మీరు ఒక్కరే వెళ్ళడం కన్నా అక్కడి ఆశా కార్యకర్తతోనో, మహిళా సంఘాల రిసోర్స్ పర్సన్‌తోనో కలిసి వెళ్ళండి. ఆమె గడప తొక్కని ఇల్లు ఉండదు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళుంటే ఆ భాష ఇంటి భాషగా ఉన్న మనిషి మీ పక్కన ఉండాలి. మనకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో పని కానిస్తే వారు మర్యాదగా తల ఊపుతారు గాని విషయం చెప్పరు.

ఈ నగరంలో ఇలాంటి పనికి పాత దారి ఒకటి ఉందని చాలామంది మరచిపోయారు. 1967లోనే హైదరాబాదులో పట్టణ సమాజాభివృద్ధి పథకం మొదలైంది. బస్తీవారితో కూర్చుని, వారికి ముందు కావలసినదేమిటో వారితోనే తేల్చుకుని, ఆ తరవాతే పని చేపట్టడం దాని పద్ధతి. బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు, తరవాత ఇళ్ళ నిర్మాణం దాకా అలా సాగాయి. మీ సర్కిల్ కార్యాలయంలో ఆ విభాగపు కమ్యూనిటీ ఆర్గనైజర్లు ఇప్పటికీ ఉంటారు. వాతావరణం తమ శాఖది కాదని వారు అనుకోవచ్చు. వెళ్ళి కలవండి, మీ పనికి వారికన్నా దగ్గరివారు ఆ కార్యాలయంలో మరొకరు లేరు.

మొదటి పనిగా దేన్ని ఎంచుకోవాలని మీరు అడగలేదు గాని, నా సలహా మాత్రం వేడి. వరద ఏడాదికి ఒకటి రెండు రాత్రుల సంగతి, ఎండ మూడు నెలలు ప్రతి ఇంటినీ తాకుతుంది. పైగా దాన్ని కొలవడం తేలిక. బస్తీలో అయిదు ఇళ్ళు, కాలనీలో అయిదు ఇళ్ళు, వీటిలో రేకుల ఇల్లు, స్లాబు ఇల్లు, పై అంతస్తు, కింది అంతస్తు, చెట్టు నీడ ఉన్నది, లేనిది కలిసి ఉండేలా ఎంచుకోండి. ఒక్కోచోట మామూలు గది ఉష్ణమాపకం గోడకు ఆనకుండా, ఎండ తగలకుండా, ఛాతీ ఎత్తున వేలాడదీసి మధ్యాహ్నం మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి, తెల్లవారి అయిదింటికి చూసి రాయమనండి. ఎనిమిదో తరగతి పిల్ల ఈ పని చేయగలదు, మీకు పిల్లలతో పని చేయించడం ఒకరు నేర్పనక్కరలేదు. రాత్రి తొమ్మిది గంటల అంకెను శ్రద్ధగా చూడండి. ఒక మే నెల రాత్రి ఒక రేకుల ఇంట్లో కూర్చున్నప్పుడు, బాలింత తన చున్నీని తడిపి ఉయ్యాలకు అడ్డంగా కట్టి, అది ఆరిపోగానే మళ్ళీ తడుపుతూ ఉండటం చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పైనున్న రేకు వేడినే కిందికి తోస్తోంది. బయట అరుగు అప్పటికే చల్లబడింది. వాతావరణ నివేదికలో ఆ రోజు నగరపు గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే ఉంటుంది, ఆ ఉయ్యాల ఉన్న గది ఉండదు.

ఈ కొలతలు ఎక్కడ పనికొస్తాయంటే, తెలంగాణ ప్రభుత్వం 2023 నుంచి 2028 దాకా వర్తించేలా చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. రాష్ట్రం మొత్తం మీద 300 చదరపు కిలోమీటర్లు, అందులో హైదరాబాదులోనే 200 చదరపు కిలోమీటర్ల పైకప్పులను వేడిని తిప్పికొట్టేలా మార్చాలన్నది దాని లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకు అది తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్ళకు మాత్రం యజమాని ఇష్టానికి వదిలేశారు. అంటే నిద్రపట్టని ఇళ్ళు సరిగ్గా ఆ నిబంధన చేరని చోటే ఉన్నాయి. అక్కడికి చేరవలసింది మీ వలంటీర్లు. మీ పది ఇళ్ళలో రెండింటి పైకప్పులకు సున్నమో తెల్లని పూతో వేయించి, వేయకముందు, వేసిన తరవాత అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తే మిగతావారు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. ఒక్క జాగ్రత్త: పాత సిమెంటు రేకుల మీదికి ఎవరినీ ఎక్కనివ్వకండి, అవి బరువుకు విరుగుతాయి. వాటిని గీకి శుభ్రం చేయనివ్వకండి, అందులోని ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. పని తెలిసిన మేస్త్రీని పెట్టుకుని నిచ్చెన మీంచి, పొడుగు కర్ర రోలరుతో వేయించండి.

అదేవిధంగా వలంటీర్లను నాలాలోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ దించే కార్యక్రమం ఎవరు ప్రతిపాదించినా ఒప్పుకోకండి. పారిశుద్ధ్య కార్మికులతోనే రక్షణ పరికరాలు లేకుండా ఆ పని చేయించకూడదని 2013 నాటి చట్టం నిషేధిస్తోంది. ఉత్సాహం మీదున్న కాలేజీ పిల్లలతో అసలే చేయించకూడదు. జీతమిచ్చి చేయించవలసిన పనిని సేవ పేరుతో ఉచితంగా చేయించుకోవడం వల్ల రెండు నష్టాలు ఉన్నాయి. ఆ జీతం మీద బతికే మనిషికి పని తగ్గుతుంది, ఆ పని ఎందుకు జరగలేదని అడగవలసిన మీరు అడగడం మానేస్తారు.

కాలనీవారి వైపు తిరిగితే, కరెంటు, నీళ్ళ లెక్క వారితో చేయించండి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక దాదాపు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి అది రెండు క్వింటాళ్ళ పైమాట. కృష్ణా, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో, మెట్లు మెట్లుగా మోటార్లతో ఎత్తిపోస్తేనే మన సంపులోకి చేరుతున్నాయి కాబట్టి, పొంగిపొర్లే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పోయేవి నీళ్ళు మాత్రమే కాదు. ఈ లెక్కలు ఇష్టంగా చేసే విశ్రాంత ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు మీ కాలనీలో ఉండే ఉంటారు. వారికి ఉపన్యాసాలకన్నా పని అప్పగించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి మిగిల్చాను. చెప్పిన ప్రతి మాటకూ జవాబు తిరిగి చెప్పినవారికి చేరాలి. ప్రతి చిన్న సమావేశంలో వచ్చిన అంశాలను ఒక్కో పంక్తిగా రాసి, దాని పక్కన ‘ప్రణాళికలో చేర్చారు’, ‘చేర్చలేదు, కారణం ఇది’, ‘ఇంకా తేలలేదు’ అన్న మూడింటిలో ఏదో ఒకటి నింపి, ఆ కాగితాన్ని కిరాణా దుకాణం బయట, రేషన్ షాపు దగ్గర అతికించండి. చేర్చలేదన్న మాట చూసి జనం దూరమవుతారని మీరు భయపడవచ్చు. నా అనుభవంలో కారణం రాసి ఉన్న తిరస్కారానికి ఎవరూ అలగలేదు, తమ మాట ఏమైందో తెలియనప్పుడే మానుకున్నారు. ఈ కాగితం నింపడానికి అధికారుల నుంచి జవాబు కావాలి కదా. మీ నివేదికను సర్కిల్ కార్యాలయంలో ఇచ్చి ఇన్వర్డ్ నంబరు వేయించుకోండి, నకలు మీద ముద్ర తీసుకోండి. నెల దాటినా స్పందన లేకపోతే అదే నంబరు ఉటంకిస్తూ 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఏ చర్య తీసుకున్నారో అడగండి. ఇది గొడవ పెట్టుకోవడం కాదు. మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణమే చెబుతున్నప్పుడు, వార్డు ప్రణాళికలో తమ మాట ఏమైందని వార్డువారు అడగడం వారి హక్కు. మీకు ఈ బాధ్యత అప్పగించినవారిని కూడా ముందే స్పష్టంగా అడగండి: మేం తెచ్చినదాంట్లో దేన్ని మార్చడానికి మీకు వీలుంది, దేనికి లేదు? మార్చడానికి ఏమీ లేదని వారు చెబితే, ఆ మాట దాచి జనాన్ని పిలవకండి. కనీసం మీ పది ఇళ్ళ పైకప్పుల పని వారితో ప్రమేయం లేకుండానే సాగుతుంది.

మీరు ఉత్తరం మార్చిలో రాశారు, ఇంకా వ్యవధి ఉంది. ఉగాది అయ్యాక మొదటి ముగ్గుపటం వేయండి, బస్తీలో వేయండి, కాలనీవారిని అక్కడికి పిలవండి. ఏప్రిల్‌లో ఉష్ణమాపకాలు వేలాడదీస్తే, రోళ్ళు పగిలే రోహిణి కార్తె నాటికి మీ చేతిలో నెలరోజుల అంకెలుంటాయి. మృగశిర ప్రవేశించి వానలు మొదలయ్యేలోగా నీళ్ళు ఆగే చోట్ల జాబితాకు ఇన్వర్డ్ నంబరు పడి ఉండాలి. మూడో సమావేశం దాకా నిలిచిన ఆ అయిదుగురిలో సంఘం బాధ్యులు కాని ఇద్దరు ఎవరో నాకు తెలియదు, ముందు వారింటికి వెళ్ళి, వారు ఎందుకు మానకుండా వచ్చారో అడిగి, వారి జవాబు నాకు రాయండి.